గుట్ట మీది పంచనామా

మున్సిపల్ ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నేను చాలా ఏళ్లు కోర్టు పనులు చూసే గుమాస్తాగా ఉన్నానని ఎవరో చెప్పి పంపుతారు. వచ్చి కూర్చుని, మున్సిపాలిటీకి ఎన్ని కేసులు గెలిపించారు సార్ అని అడుగుతారు. గెలిచినవి నాకు ఒక్కటీ సరిగా గుర్తు లేవు. ఓడిపోయిన కేసు ఒకటి మాత్రం వాయిదా వాయిదాకీ, పేషీ పేషీకీ గుర్తుంది. అది ఓడిపోయింది నావల్లే. అసలు కేసు దాకా పోయింది కూడా నావల్లే. అడిగినవాళ్లకు ఇప్పటిదాకా ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఇక ఓపిక లేదు, రాసేస్తే ఒక పని అయిపోతుంది.

యాభై ఆరులో రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. మాది నల్లగొండ జిల్లాలో ఒక చిన్న పట్టణం, పేరు చెప్పను. ఊరంతా బావుల నీళ్లే తాగేది. ఆ నీళ్లకు పిల్లల పండ్లు గారకట్టి పచ్చబడేవి, నలభై దాటిన వాళ్లకు మోకాళ్లు బిగుసుకుపోయేవి. ఎండాకాలం వస్తే ఆ నీళ్లు కూడా దొరికేవి కావు. మా ఆవిడ పొద్దున్నే బిందె తీసుకుని బావి దగ్గరికి పోతే పదింటికి గానీ తిరిగొచ్చేది కాదు. నేను రాత్రి మిగిలిన అన్నం తిని ఆఫీసుకు పోయేవాణ్ణి. అందుకే ఊరికి మంచినీళ్ల పథకం మంజూరైందని తెలిసిన రోజు మా ఆఫీసులో నాకంటే ఎక్కువ సంతోషపడ్డవాడు లేడు. దూరాన వాగులో బావి తవ్వి, అక్కణ్ణించి పైపుల్లో నీళ్లు తెచ్చి, ఎత్తు మీద టాంకీలో నింపి, ఇంటింటికీ నల్లాలు ఇవ్వాలని పథకం.

ఎత్తు అంటే ఊరికి పడమట ఉన్న గుట్ట. పైన బల్లపరుపుగా ఎకరన్నర దాకా ఉంటుంది. సర్కారు జాగా. అక్కడ టాంకీ కడితే నీళ్లు తమంతట తామే ఊళ్లోకి దిగుతాయని మా ఓవర్సీర్ అన్నాడు. జాగా తనిఖీ చేసి పంచనామా రాసే పని నాకు పడింది. పంచనామాలో పెద్ద విద్యేమీ లేదు. జాగా దగ్గరికి పోవాలి, కంటికి కనబడింది రాయాలి, ఊళ్లోని ఇద్దరు పెద్దమనుషులతో సంతకాలు చేయించాలి. అప్పటికి మా కాగితాలన్నీ ఉర్దూలోనే నడిచేవి, నా ఉర్దూ దస్తూరీ బాగుంటుందని పేరు.

శివరాత్రి వెళ్లిన పదిహేను రోజులకు, మంచి ఎండలో, మా ముసలి చప్రాసిని వెంటేసుకుని గుట్ట ఎక్కాను. ఆయనది రామన్నపేట దిక్కు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద, ఆఫీసులో ఎవరికీ భయపడడు, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడు. గుట్ట మీద ఒక గోడ లేదు, గుడిసె లేదు, చెట్టు కూడా లేదు. ఒక పక్కన మాత్రం నేల గుండ్రంగా నల్లగా కాలి ఉంది, పెద్ద కళ్లమంత మేర బూడిద.

చప్రాసి ఆ బూడిదను చెప్పుతో కొంచెం జరిపి చూశాడు.

"గిది మంద జాగ సారూ. వానకాలమంత ఈడనే గొర్లు పండుకుంటయి. శివరాత్రి ఎల్లంగనే మందను కృష్ణ దిక్కు కొట్టుకపోతరు. పొయ్యేటప్పుడు దొడ్డి కంపంత కాలవెడ్తరు, పిడుదులు సావాలని. మళ్ల మిరుగుకు వస్తరు."

ఆయన చిన్నప్పుడు మందలో తిరిగినవాడే. గొర్రె తడినేల మీద పడుకుంటే గిట్టలు కుళ్లుతాయని, అందుకే వానాకాలానికి ఇట్లాంటి ఎత్తు జాగా చూసుకుంటారని దారిలో చెప్పాడు. నీళ్లు ఊళ్లోకి దిగాలని మాకు ఆ ఎత్తు కావాలి, నీళ్లు నిలవకూడదని వాళ్లకు కావాలి. అప్పుడు నాకు ఇదంతా తట్టలేదు. నా చేతిలోని ఫారంలో గడులు రెండే ఉన్నాయి: కట్టడం ఉన్నదా, సాగు ఉన్నదా. రెండింటిలోనూ లేదని రాశాను. చివర ఇతర విశేషాలు అని ఒక గీత ఉంది. అక్కడ మంద సంగతి రాయొచ్చు. రాస్తే ఎవరి మంద, ఎన్నేళ్ల నుంచి, వాళ్ల వాంగ్మూలం ఏది అని పది ప్రశ్నలు వస్తాయి. వాంగ్మూలం ఇవ్వాల్సిన వాళ్లు కేతేపల్లి కూడా దాటి ఎక్కడో నడుస్తున్నారు. సాయంత్రానికి కాగితం కావాలని ఓవర్సీర్ అన్నాడు. తల మాడిపోతోంది. "చెత్త కాల్చిన గుర్తులు కలవు, జాగా ఖాళీ" అని రాసి దిగొచ్చాను.

సంతకాలు పెట్టిన పెద్దమనుషులు ఇద్దరూ గుట్ట ఎక్కనే లేదు. బస్టాండు పక్క హోటల్లో చాయ్ తాగుతూ పెట్టారు. అప్పటి పద్ధతి అది. ఇప్పటి పద్ధతి ఏమిటో నేను మిమ్మల్ని అడగను. తర్వాత, అభ్యంతరాలుంటే నెల లోపల చెప్పుకోవాలని నోటీసు రాసి గుట్ట కింద ఒక బండకు అతికించాం. నెల గడిచింది. ఎండకు కాగితం పెళుసెక్కి రాలిపోయింది. అభ్యంతరాలు ఏవీ రాలేదని మిసిల్లో, అంటే ఫైల్లో, రాశాను. అందులో అబద్ధం కూడా లేదు.

జూన్‌లో మిరుగు కార్తె వచ్చేసరికి మంద తిరిగొచ్చింది. గుట్ట మీద పునాదులకు గుంటలు తవ్వి ఉన్నాయి.

మర్నాడు ఆఫీసు మెట్ల మీద ఒక ఆడమనిషి కూర్చుని కనిపించింది. నలభై ఐదేళ్లుంటాయి, భుజాన గొంగడి, చేతిలో కర్ర. మొగుడూ మరిదీ ఎప్పుడూ గొర్ల వెంట ఉంటారు కాబట్టి ఊళ్లో మాటామంచీ అన్నీ ఆమే చూసుకుంటుందట. తన మామ తండ్రి నాటి నుంచీ ఆ గుట్ట మీదే మంద పెడుతున్నామని కమిషనర్ గారికి చెప్పుకుంది. కాగితం ఏదైనా ఉందా అని ఆయన అడిగాడు. గొర్లకు కాగితమేంది సారూ అంది. ఆయన నన్ను పిలిచి పంచనామా చదవమన్నాడు. ఆమెకు ఉర్దూ రాదు గనక చదివినదంతా తెలుగులో చెప్పాను. చెత్త కాల్చిన గుర్తులు అన్న చోట ఆమె ఒకసారి నా మొహంలోకి చూసింది. పోట్లాడలేదు. గొంగడి సర్దుకుని వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా నల్లగొండ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ఎవరో ఒక చిన్న వకీలును పట్టుకుని ఆమె దావా వేసింది. తీర్పు వచ్చేదాకా జాగా ఎట్లా ఉన్నది అట్లాగే ఉండాలని ఉత్తర్వు అయింది. ఎట్లా ఉన్నదో చెప్పే కాగితం కోర్టు ముందు ఒక్కటే ఉంది, నా పంచనామా. అందులో జాగా ఖాళీ. కాబట్టి ఖాళీగానే ఉంచాలి. మేము టాంకీ కట్టకూడదు, వాళ్లు మంద పెట్టకూడదు. ఆ వానాకాలం వాళ్లు చెరువు వెనక పల్లంలో మంద ఆపుకున్నారు.

మా ఊరి నుంచి నల్లగొండకు పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. పేషీ రోజున నేను మిసిలు కట్ట ఒళ్లో పెట్టుకుని ఎక్కితే, ఆమె రొట్టెల మూట పట్టుకుని అదే బస్సు ఎక్కేది. మా వకీలు, ఆమె వకీలు, జడ్జి గారు అందరూ ఉర్దూలోనో ఇంగ్లీషులోనో మాట్లాడుకునేవాళ్లు. బయటికి వచ్చాక ఆమె వకీలు ఇంకో కేసు దగ్గరికి పరుగెత్తేవాడు. అందుకని లోపల ఏం జరిగిందో ఆమె నన్ను అడిగేది. ఎదుటిపక్షం గుమాస్తాను, నేనే ఆమెకు చెప్పేవాణ్ణి. ఈసారి కూడా వాయిదా పడిందమ్మా, జడ్జి సాబు సెలవు, మీ వకీలు టైం అడిగిండు. మళ్లీ పేషీ ఎప్పుడు అనేది. తారీఖు చెప్పి, అది ఏ వారమో, సంతకు ముందో తర్వాతో చెప్పేవాణ్ణి. ఆ లెక్క ఆమె ఎప్పుడూ మరిచిపోలేదు.

శివరాత్రి తర్వాత మంద కదిలినా ఆమె కదలడానికి లేకపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఎండాకాలం ఊళ్లో ఉండటం ఇదే మొదలు అని ఒకసారి బస్సులో చెప్పింది. దారిలో ఈనిన పిల్లల్ని ఎవరు చూస్తారో ఏమో అని బాధపడింది. సజ్జరొట్టె తుంచి సగం నా చేతిలో పెట్టింది. తిన్నాను. తినకుండా ఉండాల్సింది.

రెండు వానాకాలాలు అట్లా గడిచాక కౌన్సిల్ మీటింగు జరిగింది. మా మీటింగు హాల్లో ఇరవై కుర్చీలుంటే నాలుగు కాళ్లూ సరిగా ఉన్నవి పన్నెండు. ముందుగా వచ్చిన వాళ్లకు అవి. ఒక కౌన్సిలర్ ప్రతి మీటింగులోనూ తన ఇంటి ముందు దీపం సంగతి ఎత్తేవాడు, ఆ రోజూ ఎత్తాడు. అది అయ్యాక అసలు విషయం. మార్చి లోపల పైపులకు ఆర్డరు ఇవ్వకపోతే సర్కారు ఇచ్చిన గ్రాంటు వెనక్కి పోతుంది. ఆర్డరు ఇస్తే పైపులు వస్తాయి గానీ, టాంకీకి జాగా కోర్టులో ఉంది. కేసు నడపాలా, రాజీ పడాలా తేల్చుకోవాలి.

రాజీకి దారి ఆమే చూపించింది. బడిపంతులుగా చేసి రిటైరైన కౌన్సిలర్ ఒకాయన ఉండేవాడు. ఆమె ఆయన ఇంటికి పోయి చెప్పుకున్న మాట ఆయన మీటింగులో చెప్పాడు. టాంకీ ఉత్తరం మూలకు కట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు, మిగతా సగం జాగా వానాకాలం నాలుగు నెలలూ మా జీవాలకు విడిచిపెట్టండి. దావా వాపసు తీసుకుంటాను. అంతే అడిగింది. గొర్రెలు ఉన్నచోట మంచినీళ్ల టాంకీ ఎట్లా అని ఓవర్సీర్ కొంచెం నసిగాడు. మధ్యన కంచె వేస్తే సరిపోతుందని పంతులుగారు అన్నాడు. చాలామంది తలూపారు. మా వకీలు సాబు మాత్రం ఒప్పుకోలేదు. పంచనామా గట్టిగా ఉంటే వచ్చే ఏడాదికల్లా మొత్తం జాగా మనదే అవుతుంది, సగం ఎందుకు వదలాలి అన్నాడు.

చైర్మన్ సాబ్ చెడ్డవాడు కాదు. ఊరికి నీళ్లు తేవాలని నిజంగా తపించినవాడు. ఆయన నా వైపు తిరిగాడు.

"ఏమయ్య, గుట్టకు పొయ్యి సూసినోనివి నువ్వు. మంద నిశానీ ఏమన్న ఉండెనా ఆడ?"

ఆ ప్రశ్నకు నేను ఎంత తక్కువసేపు ఆలోచించానో చెబితే మీరు నమ్మరు. అప్పటికి నేను పర్మినెంటు కాలేదు. ఇంగ్లీషు టైపు వచ్చిన కుర్రాళ్లు ఒక్కొక్కరే దిగుతున్నారు, ఉర్దూ గుమాస్తాలను ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. సంతకం చేసిన కాగితం తప్పని నిండు సభలో చెప్పుకున్న గుమాస్తాను ఎవరు ఉంచుకుంటారు? పైగా ఊరికి నీళ్లు రావడమే న్యాయం అని నాకు నేను చెప్పుకోవడానికి మా ఆవిడ బిందె ఉండనే ఉంది. ఇవన్నీ ఒక్క క్షణంలో తట్టాయి.

"లేదు సాబ్. ఖాళీగనే ఉండె" అన్నాను.

మా చప్రాసి తలుపు దగ్గర చాయ్ గ్లాసులు సర్దుతున్నాడు. తలెత్తలేదు. కేసు నడపాలని, పైపులు తెప్పించాలని తీర్మానం అయింది. అందరూ వెళ్లాక గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు, నౌకరి గావాలె గద సారూ అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు. అంటే బాగుండేది.

పైపులు వచ్చాయి. ఆఫీసు వెనక వరుసగా పడుకోబెట్టారు. వాటిల్లో కుక్కలు ఈనాయి. కేసు నడుస్తూనే ఉంది. బావి దగ్గర ఆడవాళ్లకు నీళ్లు రాకపోవడానికి కారణం దొరికింది, ఆ గొర్లామె అడ్డంపడ్డదని. ఆమెకూ తాగడానికి ఆ బావి నీళ్లే. ఒకరోజు ఆమె బిందెను లైన్లోంచి ఎత్తి పక్కన పెట్టారని, ఆమె దాన్ని తీసుకుని మళ్లీ చివరికి పోయి నిలబడిందని మా ఆవిడ ఇంటికొచ్చి చెప్పింది. నువ్వేమన్నావు అని అడిగాను. నేనేమంటా, మీ ఆఫీసోళ్లే గద అది సర్కారు జాగ అన్నరు అంది. నేను పంచాంగం తీసి ఏదో వెతికినట్టు కూర్చున్నాను.

ఇంకో రెండు వానలు గడిచాక నా సాక్ష్యం వంతు వచ్చింది. ముందు రోజు మా వకీలు సాబు నన్ను పిలిచి, ఇరుకున పడితే గుర్తు లేదు అను చాలు అని నేర్పాడు. ఆమె వకీలు కోటు మోచేతుల దగ్గర వెలిసిపోయిన మనిషి. పెద్దగా అరిచేవాడు కాదు. పంచనామా నా చేతికిచ్చి, ఈ దస్తూరీ మీదేనా అన్నాడు. నాదే అన్నాను.

"ఆ గుట్ట మీద ఊరోళ్లు చెత్త పోస్తరా?"

"పొయ్యరు."

"మరి అంత చెత్త ఎవరు మోసుకపోయి కాల్చిన్రు?"

గుర్తు లేదు అనాలి. నోట్లో ఉంది ఆ మాట. అంటే ఇంకో ప్రశ్న వస్తుంది, దానికి ఇంకో మాట వెతకాలి, ఇంకో పేషీ, ఇంకో బస్సు, ఇంకో రొట్టెముక్క. నేను ధైర్యం చేశానని మా ఆఫీసులో కొందరు తర్వాత అన్నారు. అది ధైర్యం కాదు. నాకు విసుగొచ్చింది, నా మీద నాకే. ఇంకో అబద్ధం మోసే ఓపిక లేకపోయింది.

"చెత్త గాదు. మంద దొడ్డి కంప. గొర్లోళ్లు పొయ్యేటప్పుడు కాలవెట్టి పోతరు" అన్నాను.

జడ్జి గారు కలం ఎత్తి నా వైపు చూసి, మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. మా వకీలు సాబు మిసిలు మూసి తాడు కట్టుకున్నాడు. గోడ దగ్గర నిలబడ్డ ఆమెకు ఆ రోజు ఎవరూ తర్జుమా చేయాల్సిన పని పడలేదు. నేను చెప్పింది తెలుగులోనే.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. కేసు మేము ఓడిపోయాం. జాగా మీద కబ్జా, అంటే అనుభవం, వాళ్లదేనని తీర్పు వచ్చింది. కౌన్సిల్ మళ్లీ కూర్చుని, ఈసారి తనే రాజీకి పోయింది. ఉత్తరం మూలకే టాంకీ కట్టారు. ఊరికి నల్లాలు వచ్చాయి. మా వీధి నల్లాలో మొదటిసారి నీళ్లు పడ్డప్పుడు మా ఆవిడ ఏడ్చింది. నా ఇంక్రిమెంటు ఆపి, సంజాయిషీ అడిగి, అంతటితో వదిలేశారు. పాత ఉర్దూ మిసిళ్లు చదివేవాడు ఇంకొకడు లేకపోవడం వల్ల నా నౌకరి నిలిచింది. భయపడ్డదంతా ఎందుకు భయపడ్డానో నాకే అర్థం కాలేదు.

సాక్ష్యం చెప్పిన సాయంత్రం ఎప్పటి బస్సే ఎక్కాం. ఆమె ఎప్పటిలాగే నా పక్క వరుసలో కూర్చుంది. పేషీ ఎప్పుడని అడగలేదు. నాలుగేళ్లలో మొదటిసారి నేనే అందుకుని, ఇక పెద్దగా పేషీలు ఉండవమ్మా, జాగ నీదే అయితది అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. దారి సగమయ్యాక ఇటు తిరిగింది.

"గా కంప కాల్చిన సంగతి నీకెప్పటిసంది ఎర్క సారూ?"

"మొదటి రోజే. గుట్ట మీదనే మా చప్రాసి చెప్పిండు."

"నేను సగం జాగ అడిగిన్నాడు గూడ ఎర్కేనా?"

"ఎర్కే. మీటింగుల చైర్మన్ సాబ్ నన్నే అడిగిండు. ఏం లేకుండె అని చెప్పిన."

ఆమె గొంతు పెంచలేదు. నిరుటి వానలకు పల్లంలో గిట్టలు కుళ్లి మంద సగం పడిపోయిందని చెప్పింది. కుంటుతున్నవాటిని కృష్ణ దాకా నడిపించలేక మిగిలినవి మొన్న శివరాత్రికి ముందే సంతలో అమ్మేశారట. మొగుడూ మరిదీ ఇప్పుడు బావుల తవ్వకం పనికి పోతున్నారట. ఇవేవీ నాకు తెలియదు. ఇన్ని పేషీలు కలిసి తిరిగి, ఇంట్లో గొర్రె అన్నది లేకపోయాక కూడా ఆమె వస్తూనే ఉందని నాకు తెలియదు.

మరి ఎందుకొచ్చినవమ్మా అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"నువ్వు సూడలే అనుకున్న సారూ. మేం లేనప్పుడు వచ్చినవు, నీకేం దెలుస్తది అనుకున్న. సూడనోళ్లకు సూపియ్యాలె గద అని వచ్చిన."

అని లేచింది. బస్సులో సీట్లు చాలానే ఉన్నాయి. ముందుకు పోయి తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని, ఊరు వచ్చేదాకా నిలబడే ఉంది. దిగేటప్పుడు ఏదైనా అనాలని నేనూ గబగబా లేచాను, అప్పటికే ఆమె మెట్లు దిగి నడిచిపోతోంది.

తీర్పు నకలు వచ్చిన రోజు, చదివి చెప్పమని వస్తుందేమోనని సాయంత్రం దాకా ఆఫీసులో కూర్చున్నాను. రాలేదు. బడిపంతులు గారితో చదివించుకుందని చప్రాసి చెప్పాడు.